మెరక

మా ఊళ్ళో ఎత్తంటే ఏటిగట్టు.
అది కూడా సైకిలు దిగి తోసుకెళ్ళేంతే.
మా మోకాళ్ళకి మెట్టుతో చుట్టరికం
బస్సు ఫుట్‌బోర్డు దాకానే.

పీచు మిల్లులో మోటారు కాలిపోయి
మూడు రోజులు పని లేదు.
"కోట చూద్దారే" అంది నూకరత్నం,
"ఆసుపత్రికని ధవళేశ్వరం వెళ్ళినప్పుడల్లా
కిటికీలోంచి నన్నే చూస్తా ఉంటది."
ఏడుగురం, ఒక మ్యాజిక్ బండి,
స్టీలు క్యాను నిండా పులిహోర.

బోర్డు మీద రాజు పేరుండే చోట తుప్పు.
శతాబ్దం మటుకు మిగిలింది, అదీ సగం.
కాపలా సోమన్న బీడీ ఆర్పి
"జోళ్ళు విప్పి ఎక్కండమ్మా" అన్నాడు.
"పైన గుడుందా?" అంది పల్లాలమ్మ.
"గుడి లేదు, జారుద్ది."

నవ్వాం. నలభై మెట్ల దాకా నవ్వాం.
తర్వాత నవ్వడానికి ఊపిరి మిగల్లేదు.

మాకు తెలిసిన నేల
కాలు పెడితే లోపలికి రమ్మంటుంది,
దమ్ము చేసిన చేనైనా, లంకలో ఒండ్రుమట్టైనా.
ఈ రాయి మటుకు
అరికాలు ఆనగానే
ఎవరి తాలూకని అడుగుతోంది.

సగం ఎక్కాక రెండు బండల నడుమ సన్నదారి.
శత్రువుల ఏనుగులు పట్టకుండా అలా వదిలారట.
నూకరత్నం పక్కకి తిరిగి, పొట్ట బిగబట్టి,
"నన్నాపడానికే కట్టించుంటాడు మారాజు" అంటూ
దూరేసింది.
కోట ఓడిపోయింది.

అక్కడ నీడలో కూలబడ్డప్పుడు గుర్తొచ్చింది,
నేను జన్మలో ఒక్కసారే ఎక్కాను, నిజంగా.
ఎనభై ఆరు ఆగస్టు. ఆరేళ్ళు నాకు.
గట్టు తెగిందని చీకట్లో కేక.
నాన్న భుజం మీద నేను,
అమ్మ చంకలో మేకపిల్ల,
బడి డాబాకి ఆనించిన వెదురు నిచ్చెన.
మూడు రాత్రులు ఉన్నాం ఆ డాబా మీద
నూట పదిమందిమి, కాసిని కోళ్ళు, ఒక పాము.
పాముని ఎవరూ కొట్టలేదు.

"ఆ రాజులెందుకెక్కారు ఇంత పైకి?"
సోమన్నని అడిగాను.
"భయవేసి" అన్నాడు,
ఇందులో అడగడానికేముందన్నట్టు.

పైన గాలి చీరల్ని జెండాలు చేసింది.
కింద ఆనకట్ట, నేల మీద గీసిన సుద్దగీతలా.
అక్కడి నుంచి గోదారి
పంచుకున్న అన్నదమ్ముల్లా విడిపోయి
ఎవరి సముద్రానికి వాళ్ళు.
మధ్యలో పచ్చగా, పొగమంచులో కలిసేదాకా పచ్చగా
మేం బతికిన చదునంతా.
మా ఊరెక్కడో ఏడుగురం వేలు చాపి చూపించాం.
ఏడు దిక్కులు.

అవతలి పక్కకి వెళితే కొండ లేదు.
కత్తిపీటకి తెగిన కొబ్బరిచిప్పలా
సగం నుంచి నిలువుగా ఖాళీ.
"ఆనకట్టకనీ లాకులకనీ తెల్లదొరలు తవ్వించారంట,
మా ముత్తాత చెప్పేవోడు."
తెగిన అంచు పొడవునా ఉలి బొక్కలు,
వేలు పట్టేంత, జానెడుకొకటి.

నాకు తెలుసు ఆ బొక్కలు.
మా లాకు రేవులో అమ్మ బట్టలుతికే రాయి,
దాని అంచున ఇవే,
చింతగింజలు పోసి ఆడుకున్న గుంటలు.
ఏడు ఉండేవి. ఎనిమిదోది సగమే.
ఇక్కడ కూర్చుని లెక్కపెట్టాను.
ఏడు.
ఎనిమిదో దాంట్లో సగం.
అదే రాయని అనను.
అనకుండా ఉండటం కష్టంగా ఉంది.

దిగేటప్పుడు పిక్కలు వణికాయి,
మాకు దిగడం కూడా రాదు.
పల్లాలమ్మ సంచి ఎక్కినప్పటికంటే బరువుగా ఉంది.
"ఆవకాయ జాడీ మూత మీదికే" అంది గుసగుసగా,
"మన వైపు రాయెక్కడ దొరుకుద్ది?"
సోమన్న చూశాడు.
చూసి, అటు తిరిగి, ఆర్పిన బీడీ మళ్ళీ వెలిగించాడు.

రావులపాలెం దాటేదాకా
ఆ సంచి నా ఒళ్ళోనే పెట్టుకున్నాను.
ఇంకా వేడిగానే ఉంది.