గోధుమరంగు దారం

బతూమిలో వాన అడిగి రాదు.
ఓడరేవు వీధిలో నేను తాళంచెవులు కోస్తాను.
ఎదురుగా గుండీల దుకాణం.
అందులో త్సియాల.

ఇవాళ మక్వాల పనికి రాలేదు.
ఆమె గొడుగు మాత్రం మూలన ఉంది
నిన్నటి తడితో.

మరచిపోయుంటుంది, అన్నాను.
"గొడుగు మరచిపోయే మనిషి కాదు.
నాతో ఒకే గొడుగు కింద నడవనని
ఇలా చెప్పింది" అంది త్సియాల.

నిన్నేం జరిగిందయ్యా అంటే
టీలో పంచదార ఎక్కువైందన్నదట మక్వాల.
అంతే.
ఆ ఒక్క చెంచానీ
ఈమె రాత్రంతా కలుపుతూ కూర్చుంది.

ఫోను ఎత్తకపోతే కోపం.
ఎత్తి ఊఁ అంటే విసుగు.
నవ్విందా, అది జాలి.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరికి
ఒక్కటే తాళంచెవి ఉంటుంది.
ఏ తలుపుకైనా అదే పెడతారు.
తెరుచుకోకపోతే
లోపలివాళ్ళు గడియ వేసుకున్నారనుకుంటారు.

పద్నాలుగో ఏడు దాకా
వాళ్ళమ్మే ఆమె చలికోటు గుండీలు పెట్టేదట,
మెడ దగ్గర్నుంచి మోకాలి దాకా,
గుండీకొక "నీకు రాదులే" చొప్పున.

మధ్యాహ్నం ఒక ముసలి సరంగు వచ్చాడు.
కోటు గుండీ ఊడింది.
"దారం ఏదైనా పరవాలేదమ్మా."

ఏదైనా!
సముద్రంలో దింపేసి
ఎటైనా ఈదుకో అన్నట్టు
తెల్లబోయింది త్సియాల.
ఫోను చూసింది. మోగలేదు.
నన్ను చూసింది.

నేను కావాలనే తల వంచి
కోసిన తాళంచెవినే మళ్ళీ కోశాను.
ఒక మంచి ఇత్తడి ముక్క దండగ.

ఎంతసేపటికో
సూదిలోకి గోధుమరంగు ఎక్కింది.
"బాగుంది" అన్నాడు సరంగు.
పాపం, సర్దుకుపోయాడు అంది ఆమె
అతను మలుపు తిరిగాక.

చీకటి పడే వేళ మక్వాల వచ్చింది,
తడిసి ముద్దై,
ఒక బుగ్గ బూరెలా పొంగి.
పన్ను పీకించుకుందట పొద్దున్నే.

త్సియాల మొదటి మాట:
"గోధుమరంగు వేశాను. తప్పా?"

మక్వాల నోటి నిండా దూది.
జవాబు లేదు.

ఆ మౌనాన్ని ఏమని చదువుకుందో తెలీదు.
గొడుగు తెచ్చింది.
నిన్నటి తడి గుమ్మం బయట దులిపి
తెరిచి పట్టుకుంది.

ఇద్దరూ వెళ్ళారు,
ఒకరి భుజం తడుస్తూ.

నేను కొట్టు కట్టేసి ఇంటికి నడిచాను.
వెళ్ళొస్తానని
త్సియాల రోజూ చెయ్యి ఊపేది,
ఇవాళ ఊపలేదు.
ఎందుకూ అని
మూడు వీధులు ఆలోచించాను.