నీళ్ళ రోజు

ఒరూరోలో మా వీధికి నీళ్ళు రోజు విడిచి రోజు.
కార్నివాల్ అయిన ఎనిమిదో నాడు
ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద తొట్టినీ
నాన్న బారిటోన్‌కి ఇచ్చేశాం.
బట్టలు ఎల్లుండి దాకా ఆగుతాయి.

తొట్టి అడుగున చిరుగుల దుప్పటి పరిచాను.
"ఇత్తడికి రేకు తగిలితే
అన్నంలో రాయి తగిలినట్టే" అంటాడు నాన్న
గోడవార ఎండలో, పోంచో కప్పుకుని,
మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ.
తగరం గని మిగిల్చిన ఊపిరి అది,
చిల్లరలా లెక్కపెట్టి వాడుకుంటాడు.

"వేణ్ణీళ్ళు కాదు. పసిబిడ్డకి పోసేపాటి."
మోచెయ్యి ముంచి చూశాను.
"ఇంకాస్త చల్లారనీ."
"చూశాను నాన్నా."
"చూశావులే."

మూడు పిస్టన్లూ తీసి తువ్వాలు మీద వరసగా పెట్టాను.
ఒకటి, రెండు, మూడు:
అరిగిపోయి గోటికి మాత్రమే అందే అంకెలు.
ఒకదాని ఇంట్లో ఇంకొకటి దూరిందంటే
ఎంత ఊదినా గాలి గడప దాటదు.

రెండో స్లైడ్ మొండికేసింది.
గుడ్డ మెలేసి లాగాను. పాదం అడ్డుపెట్టి లాగాను.
చివరికి మోకాలినొప్పికి పెట్టినట్టు
ఆ ఒక్క చోట వేడిగుడ్డతో కాపడం పెడితే
ఠప్పుమని ఊడొచ్చి నన్ను వెనక్కి కూలేసింది.
నాన్న నవ్వబోయి దగ్గాడు.

పొడుగు బ్రష్షు మలుపు మలుపుకీ దూర్చి లాగుతుంటే
ముందు పచ్చటి జిగురు,
తర్వాత కిలుం,
తర్వాత ఎవరో పిల్లలు విసిరిన రంగుకాగితాల ముద్ద.
అన్నిటికన్నా ఆఖర్న
నల్లబడ్డ కోకా ఆకు ఈనె ఒకటి.
నేను కోకా నమలను.
నాన్న దీన్ని ఊది రెండేళ్ళు దాటింది.

"పారెయ్" అన్నాడు.
పారేశాను,
తొట్టి పక్కనే, కనబడేంత దూరంలో.

"నిమ్మచెక్క రుద్దవే, బంగారంలా మెరుస్తుంది"
అని గుమెర్సిందా అత్త వంటింట్లోంచి.
"మెరిసి ఏం చేస్తుంది? పలకాలి గానీ!"
ఆ ఒక్క కేకకి ఆయన చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

ఎడమచెయ్యి పట్టే చోట మెరుగుపూత ఎప్పుడో పోయింది.
ముప్ఫై ఒక్క కార్నివాళ్ళ చెమట
అక్కడ ఒక అరచేతిని గీసి వదిలింది.
తుడుస్తూ నా చెయ్యి అందులో పెట్టి చూశాను.
బ్యాండులో ఉన్న ఒక్క ఆడమనిషి చెయ్యి,
చుట్టూ ఇంకా బోలెడు ఖాళీ.
కింది సొట్ట మాత్రం నాదే.
మొదటి ఏడు, మెట్లు, చీకటి.
కంసాలి ఎనభై బొలివియానోలు అడిగాడు.
ఉండనిచ్చాను.

ఆరబెట్టి, నూనె చుక్కలు వేసి,
స్లైడ్లకి వాజిలిన్ పూసి, అన్నీ బిగించాక
"ఊదు" అన్నాడు.
ఎప్పుడు లేచాడో, పక్కకొచ్చి నిలబడి
బాకా నోటికి అడ్డంగా అరచెయ్యి పెట్టాడు,
కళ్ళు మూసుకున్నాడు.

అన్నిటికన్నా అడుగు స్వరం పట్టాను.
ఇత్తడి ముందు వణికింది, తర్వాత ఆయన వేళ్ళు.

"మూడోది కాస్త గాలి వదుల్తోంది."
"అవును."
చెయ్యి తియ్యలేదు.
"మళ్ళీ" అన్నాడు, "ఈసారి పొడుగ్గా."