పదకొండు నిమిషాలు

ఐఫెల్ అడవిలో రాత్రి మూడైంది.
తడిగడ్డి, మాడిన సాసేజ్ వాసన,
జనరేటర్ మీద ఆరేసిన ఎవరివో మేజోళ్ళు.
గుడ్రున్ గడియారం పెట్టుకోదు.
నూట నలభై ఏడో నంబరు కారు వెళ్ళిందంటే
పదకొండు నిమిషాలు గడిచినట్టే.

దాన్ని నడిపే వెండెలిన్ మామూలు రోజుల్లో
ఇళ్ళకి పలకల కప్పులు వేస్తాడు.
మా బేకరీకీ వేశాడు.
ఇంకా కారుతూనే ఉంది.

పన్నెండు.
పద్నాలుగు.
రేడియోకి ముందున్నవాళ్ళ మీదే ధ్యాస.
పెద్ద కార్లు పిడుగుల్లా పోతున్నాయి,
మాలో ఎవరూ తలెత్తడం లేదు.
సీసా మూత తీయబోయి నేనూ ఆగిపోయాను.
పంతొమ్మిది.
నోటుపుస్తకంలో ఆ గడి ఖాళీ,
పెన్సిలు మాత్రం దాని మీదే.

అప్పుడు మలుపు కింద, పొగమంచులో,
ఒక్క దీపం.
రెండోది పోయింది. బానెట్‌కి టేపు కట్లు.
ఆ ఇంజిన్ దగ్గు మాకు తెలిసిన దగ్గే.
కంచె పట్టుకుని గొంతులు చించుకున్నాం,
హెల్మెట్ లోపలికి ఒక్క ముక్కా వెళ్ళదని తెలిసే.

“ఎన్నో స్థానం?” అడిగాడు పక్క గుడారం కుర్రాడు.
గుడ్రున్ గడి నింపింది, సాసేజ్ తిప్పింది.
“ఇరవై రెండు నిమిషాలు,” అంది.