కుర్చీల లెక్క

బ్ర్నోలో నవంబరు. నాలుగున్నరకే చీకటి.
ట్రాము మా కిటికీ కింద మలుపు తిరిగినప్పుడల్లా
కప్పుల్లో చెంచాలు గలగలమంటాయి.
వ్లాస్తా పట్టించుకోదు.
నల్లటి తెర మీద ఒక్క వాక్యం కొట్టి,
ఎంటర్ నొక్కి,
జారిన కళ్ళద్దాలు పైకి తోసింది.

ఎనిమిది, అంది తెర.

యంత్రంలో యంత్రం అది.
ఒంటికి ఇనుము లేదు, ఊహే ఒళ్ళు.
ఎనిమిది ప్రాసెసర్ల దాకా ఇవ్వొచ్చని రాసిపెట్టాం,
ఇచ్చింది నాలుగు.
"ఎన్ని?" అని ఎవరడిగినా
మా పనిముట్టు ఆరేళ్ళుగా
ఎనిమిదనే చెబుతోంది.

"అబద్ధం కాదుగా," అన్నాను, వెనకేసుకొస్తూ.
ఆ ముక్క రాసింది నేనే మరి.
"వేసిన కుర్చీలెన్నో చెప్పింది."
"నేనడిగింది కూర్చున్నవాళ్ళని."

సరిచేయడం పెద్ద పనేం కాదు.
గరిష్ఠానికి ఒక వరస, ప్రస్తుతానికి ఒక వరస.
కాగితం మీదున్నది ఒక గడిలో,
నడుస్తున్నది పక్క గడిలో.
ఖాళీలు కొలిచి కొలిచి
అంకె కింద అంకెని నిలబెట్టింది.

చిక్కల్లా ఆపేసిన యంత్రం దగ్గర.
నడవనిదానికి, నడుస్తున్న గడిలో ఏం పెట్టాలి?
నేను సున్నా పెట్టాను.
కొట్టేసింది.
"సున్నా అంటే లెక్కపెట్టాం, ఏమీ దొరకలేదని.
మనం లెక్కే పెట్టలేదుగా?
నిద్రపోయేవాడి నోట్లో మాటలు కుక్కకు."
అని, చిన్న అడ్డగీత గీసింది.
అంత మర్యాద తెలిసిన గీతని
నేనెక్కడా చూడలేదు.

పరీక్షలన్నీ పచ్చగా వచ్చాయి.
ఆఖరి ట్రాము డిపోకి పోయింది.

మూడో రోజు ఒస్త్రావా నుంచి ఫోను.
ఆసుపత్రిలో సర్వర్లు చూసుకునే ఒతకర్.
"మీరేదో బాగుచేశారట,"
ఆ 'బాగు'ని పళ్ళ మధ్య పట్టి నొక్కాడు.

మా పనిముట్టు తప్పు చెబుతుందని
అతనికి మొదట్నించీ తెలుసు.
కోప్పడలేదు, ఫిర్యాదు రాయలేదు.
అతని యంత్రాలన్నిటికీ సగమే ఇచ్చారు గనక
వచ్చిన అంకెని రెండుతో భాగించే వాక్యం ఒకటి
తన స్క్రిప్టులో పెట్టుకున్నాడు.
ఆరేళ్ళు.
ఇప్పుడది మా కొత్త నాలుగుని రెండు చేసి,
ఎక్స్‌రేల యంత్రం సగం చచ్చిందని
రాత్రి రెండింటికి
పైజమా మీదే అతన్ని మంచులో పరిగెత్తించిందట.

మా కాకిలెక్కకి
అతను చెక్కుకున్న ఊతకర్ర అది.
కాలు బాగైంది,
కర్ర తగిలి పడ్డాడు.

వ్లాస్తా చాలాసేపు వింది.
వంక ఏదీ పెట్టకుండా క్షమించమంది.
ఆ వాక్యం ఎన్నో వరసలో ఉందో అడిగి
అతను చెరిపేదాకా ఫోను పెట్టలేదు.
అవతల టకటకలు. ఆ తర్వాత ఏమీ లేదు.
"నాలుగు," అన్నాడు చివరికి,
నమ్మీ నమ్మనట్టు.
"మరి ఆపేసినవాటి దగ్గర ఈ గీతేంటి?"

వ్లాస్తా ఫోను నా చేతికిచ్చింది.

ముఖం తెలియని మనిషికి,
తెలియనప్పుడు తెలియదనడం ఎలాగో
తడబడుతూ
మొదటిసారి వివరించాను.