బాడుగ మబ్బు

కర్నూలు బుధవారపేటలో
జిరాక్సు అంగడి పైన నా గది.
ఒక ఫ్యాను, ఒక ల్యాప్‌టాప్,
కిటికీకి కట్టిన తడి తువ్వాల.
ఇక్కణ్ణించే రాత్రి పదకొండుకు
నాలుగువందల మిషన్లను నిద్ర లేపుతాను.
అవి యాడుండేదీ నాకూ తెలీదు.
మబ్బులో, అంటారు.
గంటకింత బాడుగ.
ఎక్కువిచ్చేవాడొస్తే
సగం పనిలో లాక్కుంటారు.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో
రెండువందల పన్నెండు మంది నెత్తురు తీసినాం.
పొద్దు గూకితే చూపు పోయే పిల్లలు,
వాళ్ళ అమ్మానాయనలు, అవ్వాతాతలు.
పేర్లు తీసేసి నంబర్లేసినాం.
అయినా నలభై ఏడు అనంగానే నాకు
మద్దిలేటి కొడుకు కౌలుట్లయ్యే గుర్తొస్తాడు.
సూది గుచ్చితే ఏడవలేదు.
ఆరున్నర దాటినాక
గోడ తడుముకుంటా నీళ్ళకుండ కాడికి పోయినాడు.

ఒక్కో మనిషికి మూడువందల కోట్ల అక్షరాలు.
చేతికొచ్చేది మాత్రం నూటయాభై అక్షరాల తుంపులు,
ఒక్కో చోటు ముప్పైసార్లు చదివినవి.
"అతుకుల పనే కదా మేడమ్" అన్నాడు మద్దిలేటి,
పడుగులో తెగిన పోగును
ఉమ్మితో తడిపి పురిపెడతా.
అవును. కాకుంటే
సరిచూసుకునే నమూనా చీర
ఎవరో దూరదేశం వాళ్ళది.
ఎమ్మిగనూరు అంచు దానికి
కొన్ని చోట్ల కుదరదు.
కుదరని చోటల్లా తప్పు కాదని
నేర్చుకోడానికే నాకు ఏడాది పట్టింది.

మొదటివారం మిషన్లు ఆపడం మరిచి
రెండు నెలల జీతమంత బిల్లు.
రెండోవారం తెల్లారుజామున మూడింటికి
తొంభై శాతం కాడ అన్నీ వెనక్కి పోయినాయి.
మళ్ళా మొదట్నించి.
బయట నిజం మబ్బొకటి
తుంగభద్ర మీదుగా వచ్చి
చుక్క రాల్చకుండా పోయింది.
దానికీ బాడుగ కట్టే దారుంటే
ఈ జిల్లా ఎప్పుడో పుస్తెలు కుదవ పెట్టేది.

పదిహేడో రాత్రి దొరికింది.
ఒక్క అక్షరం.
ఉండాల్సిన దాని చోట ఇంకొకటి.
పిల్లోనికి రెండు పేటల్లోనూ.
తల్లికి ఒకదాంట్లో, తండ్రికి ఒకదాంట్లో.

మద్దిలేటి ఉసేనమ్మకు మేనమామ.
అత్తే ఆమెకు అవ్వ.
ఎనిమిదేళ్ళుగా ఆ అవ్వ
"నీ కడుపే గుడ్డిది" అంటానే ఉంది.

కాగితం మీద గీతలు గీసి
వేలు పెట్టి చూపించినాను:
ఇది నువ్వు కొడుక్కిచ్చింది.
ఇది కూతురికిచ్చింది,
ఆ కూతురు ఈమెకిచ్చింది.
మందు ఇంకా లేదు. అదీ చెప్పినాను.

అవ్వ కాగితం చూడలేదు.
ఉసేనమ్మ చేతుల వైపు చూసింది చానాసేపు.
"నాకు బాగానే కనపడతాంది గదా," అనింది,
"మరి నాలో యాడ దాక్కునింది?"
మగ్గం ఆగిపోయింది.
పొద్దు గూకుతాంది.
ఉసేనమ్మ లేచి, మాట్లాడకుండా,
కౌలుట్లయ్య చెయ్యి తెచ్చి
అవ్వ చేతిలో పెట్టింది.

కర్నూలు బస్సులో కూర్చున్నాక
మిషన్లన్నీ ఆపేసినానో లేదో
ఇంకొక్కసారి చూసుకున్నాను.