రెండు వైపులా తెలుపు
(కనుపర్తి, 1889)

నోటితో పలకకూడని పేరు
నా చేత్తోనే రాశాను, కథ కింద.
ఉప్పుకొటారు లెక్కల కాగితాల వెనక
పొయ్యారినాక రాసుకున్న కథ.
కాలవ పడవెక్కి మద్రాసు పోయింది.

మూడు నెలలకు అచ్చయి వచ్చింది.
పంచ నిండా జనం.
గొంతు సవరించుకుని ఆయన చదువుతుంటే
తలుపు చాటున గోంగూర తుంచుతూ విన్నాను.
'మొగ'ను 'మొగ్గ' అన్నారు.
పల్లెకారుల మాట, ఆయనకేం తెలుసు.

గుమ్మం కింద నిలబడ్డ సరంగు అడిగాడు:
"మొగ దాటిపోయిన ఆ మనిషి
తిరిగొచ్చిందా, సామీ?"

మంచినీళ్ల వంకతో లోపలికొచ్చారు.
చెంబు అందిస్తూ అన్నాను,
"ఇంకా రాయలేదని చెప్పండి."

"నేనింకా రాయలేదు"
అని వినబడింది బయట.

మర్నాడు దస్తా కాగితాలు తెచ్చి
గూట్లో పెట్టి, ఏమీ అనకుండా పోయారు.
రెండు వైపులా తెలుపే.
లెక్కలు లేని చోట
ఎక్కడ మొదలుపెట్టాలో
తోచలేదు.