పదిహేను వాట్లు

వంద వాట్లది చూపించమంటే
"మీ ఇల్లెంత?" అన్నాడు నార్మన్.
షెఫీల్డ్‌లో కొండవాలు వీధి,
అటూ ఇటూ ఉమ్మడి గోడలే అన్నాను.
బల్ల కిందినుంచి
మూల చిట్లిన పదిహేను వాట్ల పెట్టె లాగాడు.
నలభై పౌండ్లు.
మామూలు గిటారుది ముప్పైకే ఉంది గానీ
"బేస్ తీగ దాని గొంతు చీల్చేస్తుంది" అన్నాడు.

బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే
మలుపుల్లో నాకంటే అదే నిలకడగా కూచుంది.

నేలమీద పెడితే ఇల్లంతా ఒకటే గొణుగుడు.
కుర్చీ ఎక్కించి, కింద పాత బొంత మడిచి వేశాక
స్వరాలు ఒక్కోటీ విడివడ్డాయి.
బేస్ నాబ్ సగానికి తిప్పాను.
అప్పుడు వినపడింది
నా చూపుడువేలి బద్ధకం.

లావు తీగ మీటినప్పుడల్లా
అల్మరాలో ఒకే ఒక్క స్టీలు గ్లాసు
జవాబిస్తుంది. మిగతా ఐదూ ఉలకవు.
దాన్ని తీసి సింకులో పెట్టాను.
మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టాను.

తొమ్మిది దాటితే హెడ్‌ఫోన్లు.
గోడవతల మిసెస్ ఆక్రాయిడ్ దగ్గు
ఇక నాకు చేరదు.
నిన్న చెత్తడబ్బాల దగ్గర ఆపి అడిగింది:
"మంగళవారం మధ్యలో ఆపేశావేం?
ఆ రెండో ముక్క, తప్పు పోయేదాకా
కూచునే ఉన్నాను."